రెండు పూటలా ఆవిరి

తలకట్టు మావయ్య నలభై ఏళ్లు అచ్చాఫీసులో సీసపు అక్షరాలు పేర్చాడు. ఒక్క అచ్చుతప్పు దొర్లితే ఒట్టు. ఆయన తుమ్మితే చాలు, అక్షరాలు గళ్లలోంచి లేచొచ్చి వరసలో నిలబడేవి. ఏ అక్షరానికీ తలకట్టు అరగనిచ్చేవాడు కాదని ఆ పేరు.

ఓ వానాకాలం ఇంటింటికీ జలుబూ జ్వరమూ అంటుకున్నాయి. ముందు అత్తయ్య మంచమెక్కింది.

"తల పగిలిపోతోందండీ."

"ముక్కు కారితే తలెందుకు పగులుతుందే? వంకలు కాకపోతే."

అంతే, ఆవిడ మాటలు మానేసింది. మూడు రోజులు ఇంట్లో గిన్నెల చప్పుడే. ఆ మౌనం ఆయనకు జ్వరం కన్నా ఎక్కువైంది.

నాలుగో రోజు జలుబు ఆయన్నే పట్టుకుంది. కనుబొమ్మల మధ్య మేకు దిగ్గొట్టినట్టుంది. వంగితే తల ఊడి ఒళ్లో పడేట్టుంది. నుదుటికి తువ్వాలు బిగించుకుని పనికి వెళ్లాడు.

"ఇవాళ తలకట్టు మీకే పడిందేంటి మావయ్యా?" అన్నాడు మిషనువాడు.

డాక్టరుగారి కరపత్రం అర్జెంటట. ప్రూఫులు దిద్దే ఆయన కూడా జ్వరంతో రాలేదు. మొదటి వరసే, "ఈ జలుబుతోపాటు తలనొప్పీ వస్తుంది." మావయ్య చెయ్యి ఆగింది. అత్తయ్య మొహం కళ్లముందు కదిలింది. "రోజుకు రెండు పూటలా ఆవిరిని పట్టించుకోండి" దగ్గరికొచ్చేసరికి 'రి' గడిలోకి వెళ్లాల్సిన చెయ్యి 'డ' గడిలోకి వెళ్లింది.

సాయంత్రానికి ఆ కాగితం వీధి వీధంతా పంచేశారు. మావయ్య ఇంటికొచ్చేసరికి అత్తయ్య గుమ్మంలో దాన్ని పట్టుకుని నిలబడి ఉంది.

"రోజుకు రెండు పూటలా ఆవిడని పట్టించుకోండి," అని చదివింది. "ఇది మీరు కూర్చిందేనా?"

"అచ్చుతప్పే."

"ఇన్నాళ్లకి ఒక్కటి ఒప్పు పడింది."

ఆయన చెప్పులు విప్పుతూ, తలెత్తకుండా అడిగాడు: "నీ తలెలా ఉంది?"

"ఇది ఒక పూట. పొద్దున్నే ఇంకోసారి అడగాలి."

ఒకే దుప్పటి కింద, ఒకే గిన్నె మీద, ఇద్దరూ తలలు ఆనించుకుని ఆవిరి పట్టారు. ఆ తర్వాత ఆయన ఉన్నన్నాళ్లూ రెండు పూటలా అడిగాడు, జలుబున్నా లేకపోయినా.

ఇప్పుడా అచ్చాఫీసు లేదు. ఆ సిరా వాసన మాత్రం వాన పడ్డప్పుడల్లా నా ముక్కుకు తగులుతుంది.

తుమ్మితే అక్షరాలు లేచొచ్చేవన్నది నా కల్పనే. అచ్చుతప్పులంటారా, పేజీకి మూడు పడేవి. ఆ ఒక్కటే ఎవరూ దిద్దలేదు.