ముప్పై ఒకటో రోజు

అన్నాల వేళ. వాచ్‌మన్ ఎవరో ఒకామె చెయ్యి పట్టుకుని మా ఆఫీసు గేటు బయటికి ఈడుస్తున్నాడు. నలభైమంది ఆడవాళ్ళం మెట్ల మీద నిలబడి చూస్తున్నాం. ఆమె ఏడవడం లేదు. చేతిలో మొగుడి ఫోన్ పైకెత్తి ఒకటే అడుగుతోంది.

"మా ఆయనకి తోడబుట్టినవాళ్ళు లేరు. రోజూ 'అన్నయ్యా' అంటూ ఫోన్ చేసిందెవరమ్మా? ఒక్కసారి చూపించండి, పోతాను. మొన్న ప్రాణం తీసుకున్నాడాయన."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, మాలో ప్రతి ఒక్కతీ తల దించుకుంది. ఎందుకంటే మేమందరం 'అన్నయ్యా' అనే అంటాం, చదవాల్సిన కాగితంలో అలాగే రాసిచ్చారు. కానీ ఆయన ఇనుప సామాన్లు చెక్కే లేతు మిషను మీద పనిచేసేవాడని ఆమె చెప్పగానే నాకు తెలిసిపోయింది. ఆయన్ని పిలిచింది నేనే.

మా పనేమిటో సిగ్గుపడుతూనే చెబుతాను. ఫోన్‌లో ఆడే జూదానికి ప్రభుత్వం లైసెన్స్ ఇచ్చింది. నిన్నటిదాకా నేరం, ఇవాళ్టినుంచి ఖజానాకి పన్ను! జనం తిట్టకుండా చట్టంలో కాస్త దయ కూడా కలిపారు. ఆట మానలేనివాడు ఫోన్ చేసి "నన్ను ఆపండి" అంటే, కంపెనీ అతణ్ణి ముప్పై రోజులు ఆటలోకి రానివ్వకూడదు. ఆ ఫోన్లు ఎత్తేది మేమే. ముప్పై ఒకటో రోజు పొద్దున్నే అతనికి ఫోన్ చేసేదీ మేమే. అదే హాలు, అదే కుర్చీ. "అన్నయ్యా, బాగున్నారా? మీకోసం కానుక ఉంచాం." ఆడడం మొదలెట్టేదాకా రోజూ పిలవాలి, మళ్ళీ మానేస్తే మళ్ళీ పిలవాలి. దొంగ చేతికి తాళాలివ్వడమంటే ఇదే కదా!

లేతు పనివాడు రెండుసార్లు ఆపమన్నాడు. రెండోసారి నాతో అన్నాడు: "చెల్లెమ్మా, ఈసారి నేనే బతిమాలినా తలుపు తియ్యొద్దు."

"సరే అన్నయ్యా," అన్నాను. ముప్పై ఒకటో రోజు ఆ తలుపు నేనే తట్టాను.

ఆ సాయంత్రం డ్యూటీ దిగాక బస్టాపు వెనక గోడ దగ్గర కూడాం. అక్కడే నిజం చెప్పేశాను. ఎవరూ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

"ఆడమని మనం చెయ్యి పట్టుకున్నామా? వాడి బుద్ధేమైంది?" అంది ఒకామె.

"ఆపండని అడిగిందే వాడి బుద్ధి," అంది పెద్దక్క. పాతికేళ్ళు బట్టల మిల్లులో చేసి, మిల్లు మూతపడ్డాక ఇక్కడికొచ్చిన మనిషి. "ఎవడు ఆపమని ఏడుస్తాడో వాడే తొందరగా పడతాడని వీళ్ళకి తెలుసు. ఆ ఏడుపుల్నే జాబితా కట్టి మన చేతికిచ్చారు."

"మనం మానేస్తే ఇంకోళ్ళు చేస్తారక్కా. నాకిద్దరు పిల్లలు."

"నీ పిల్లలకి అన్నం కావాలి, కాదన్నానా? నిన్న గేటు దగ్గర ఈడ్చేసినామె పిల్లలు గాలి తిని బతుకుతారా?"

గొడవ పెద్దదే అయింది. ఒకామె ఏడ్చింది, ఇద్దరు బస్సెక్కి వెళ్ళిపోబోయి మళ్ళీ దిగారు. చివరికి ఒక్క మాట మీదికొచ్చాం: ఆపమన్నవాడికి ఫోన్ చెయ్యం. ముందు ప్రభుత్వానికి చెబుదాం.

మర్నాడే లైసెన్సు తనిఖీకని ప్రభుత్వ అధికారి మా హాలుకి వచ్చాడు. పెద్దక్క లేచి నిలబడి అంతా చెప్పింది. ఆయన కాగితాల్లోంచి తలెత్తలేదు.

"ముప్పై రోజులు ఆపారా, లేదా?"

"ఆపాం సార్. ఆ తర్వాతే..."

"తర్వాత సంగతి చట్టంలో లేదమ్మా. మీ జీతాలు కూడా ఈ చట్టం పెట్టిన భిక్షే. మరిచిపోకండి."

సంతకం పెట్టి వెళ్ళిపోయాడు. కంచే చేను మేస్తుంటే ఎవరికి చెప్పుకోవాలి?

ఆ మర్నాడు పొద్దున తొమ్మిదింటికి జాబితా తెరల మీదికొచ్చింది. ఆడనివాణ్ణి పిలవాలి. చచ్చినవాడు ఆడడు కదా, నా తెర మీద మొదటి పేరు ఆ లేతు పనివాడిదే! సూపర్‌వైజరు చప్పట్లు కొట్టాడు. మేం మరుగుదొడ్డికి వెళ్తే నిమిషాలు లెక్కపెడతాడని అతనికి గడియారం అని పేరు పెట్టుకున్నాం.

"ఊఁ, కానివ్వండి!"

కంపెనీ కాగితం పక్కన పడేసి, అధికారి వెళ్ళాక మేం అనుకున్నట్టే నలభైమందిమీ ఒక్కసారే మొదలుపెట్టాం.

"అన్నయ్యా, మీరు ఆపమన్నారు. ఆగిపోండి. మిమ్మల్ని మళ్ళీ లాగడానికే ఈ ఫోన్లు. చెల్లెలినంటూ ఎవరు పిలిచినా నమ్మకండి. నన్నూ నమ్మకండి."

గడియారం వరసల మధ్య పరిగెత్తుతూ వైర్లు పీకుతున్నాడు. ఒకామె వైరు పీకేలోపు పక్కామె ఇంకో నంబరు కలుపుతోంది. నేను కలిపిన నంబరు మోగింది. ఆయన భార్య ఎత్తింది.

"వదినా, ఆ ఫోన్ చేసింది నేనే," అన్నాను.

ఇంతలో హాల్లో కరెంటు తీసేశారు.

పోలీసులు మమ్మల్ని వ్యాన్లలో కుక్కి తీసుకెళ్ళి స్టేషన్ వరండాలో నేల మీద కూర్చోబెట్టారు. లైసెన్సున్న వ్యాపారానికి నష్టం కలిగించామట, రహస్యంగా ఉంచాల్సిన జాబితాని బయటపెట్టామట. గడియారం వేలు పెట్టి ఒక్కొక్కరినీ చూపిస్తుంటే ఇన్‌స్పెక్టరు రాసుకుంటున్నాడు.

మమ్మల్ని పట్టుకెళ్ళారని ఆఫీసు దగ్గర కబురు తెలిసి అప్పుడొచ్చిందామె. ఇన్‌స్పెక్టరు అడ్డం పడ్డాడు.

"ఎవరమ్మా నువ్వు? వీళ్ళకేమవుతావు?"

"వదినని."

"ఎవరికి?"

"నలభైమందికీ."

"వేళాకోళంగా ఉందా?"

"మా ఆయన్ని అన్నయ్యా అని పిలిచి చంపారుగా. మరి నేనేమవుతాను?"

ఆమె వెనకే లేతు షెడ్డు వాళ్ళు మసి చేతులతో వచ్చారు. మిషన్లు ఆపేసి వచ్చారట. వాళ్ళ వెనక ఎవరో బస్సు డ్రైవరు, భార్యని వెంటబెట్టుకుని. "పొద్దున ఫోన్ ఎత్తినవాణ్ణి నేను. వీళ్ళలో ఎవరో నా చెల్లెలు," అన్నాడు. ఇంకా వస్తూనే ఉన్నారు.

పొద్దున తనకి ఫోన్ చేసిందెవరని ఆమె అడిగితే నేను చెయ్యెత్తాను. తిన్నగా నా ముందుకొచ్చి కూర్చుంది. నాకు చచ్చిపోవాలనిపించింది.

"నిన్ను క్షమించలేదు," అంది. "జన్మలో క్షమించను. కానీ చట్టంలో ఆ ముప్పై రోజుల లెక్క రాసినవాడి ఇల్లెక్కడో నాకు తెలీదు. నువ్వు బయటికొచ్చి ఈ సంగతంతా వాడి మొహం మీదే చెప్పాలి. అందాకా ఇక్కణ్ణించి కదలను."

ఇన్‌స్పెక్టరు లాఠీ ఎత్తి అందర్నీ వెళ్ళిపొమ్మన్నాడు. ఆమె లేచి వెళ్ళి వాకిట్లో జనం ముందు కూర్చుంది. ఆమె వెనకే జనమంతా కూర్చున్నారు. ఎవరూ లేవలేదు.