ఇన్‌స్పెక్టరు కోటుకు మూడో గుండీ

ఆ సీరియల్లో ఇన్‌స్పెక్టరు ఏడు హత్యల కేసు తేల్చలేక సతమతమవుతుంటే, చూసే జనం హత్యల సంగతి వదిలేసి అతని కోటు గుండీ పట్టుకున్నారు. నల్లకోటు, నాలుగు నల్ల గుండీలు. అంతవరకూ బాగానే ఉంది. కానీ తలుపు తోసుకుని లోపలికొచ్చేటప్పుడు నల్లగా ఉన్న మూడో గుండీ, కుర్చీలో కూర్చునేసరికి ముదురు ఎరుపైపోతుంది. లేచి వెళ్ళేటప్పుడు మళ్ళీ నలుపే. మొట్టమొదట ఏ మహానుభావుడు కనిపెట్టాడో గానీ, ఆ మర్నాటి నుంచి చత్వారం ఉన్నవాళ్ళకి కూడా అది స్పష్టంగా కనపడటం మొదలెట్టింది.

మంగలి షాపులో ఒకాయన సగం గడ్డం గీయించుకుని, సబ్బు నురగతోనే లేచి నిలబడ్డాడు. "ఇన్‌స్పెక్టరు అబద్ధమాడినప్పుడల్లా గుండీ ఎర్రబడుతుందయ్యా!" అని వాదన ఎత్తుకున్నాడు. వాదన తేలి మళ్ళీ కుర్చీలో కూర్చునేసరికి, గీసిన సగం కూడా తిరిగి పెరిగిందట. బస్సు కండక్టరు గుండీలో కెమెరా ఉందన్నాడు. ఆస్పత్రిలో ఒక నర్సు, అది చచ్చిపోయిన రెండో ఆవిడ కోటు గుండీయేనని ఇంజెక్షను సూది పైకెత్తి మరీ చెప్పింది. పడుకుని ఉన్న రోగి ఏం చేస్తాడు పాపం, ఒప్పుకున్నాడు.

వీళ్ళందరిలో గట్టి వర్గం కవలల వర్గం. ఇన్‌స్పెక్టరు ఒకడు కాదు, ఇద్దరు. ఒకడు పట్టుకునేవాడు, ఒకడు చంపేవాడు. ఎర్రగుండీ ఉన్నవాడే హంతకుడు. ఈ వర్గానికి పెద్దదిక్కు పదిహేడేళ్ళ కాలేజీ పిల్ల. ఏ ఎపిసోడ్లో ఏ నిమిషానికి ఏ గుండీ కనపడిందో పదకొండు పేజీలు రాసి, గోడంత పటం గీసి, తన గదిలో అంటించుకుంది. ఫోన్లో ఆమె గ్రూపుకి నలభైవేల మంది.

ఆ గుండీ కుట్టిన పెద్దమనిషి అదే ఇంట్లో, ఆ పిల్లకి ఎదురుగా కాళ్ళు చాపుకుని కూర్చుని ఉన్నాడు. ఆమె తాతగారు. అమ్మ తండ్రి.

స్టూడియోలో ఆయన్ని సూది మాస్టారంటారు. వెనక వరసలో మూడో గది, దుస్తుల గది. అందులో కిటికీ పక్క మిషను ఆయనది. నలభై ఏళ్ళుగా ఆ మిషను మీద రాజుల అంగీలు, దొంగల చొక్కాలు, దేవుళ్ళ కండువాలు కుట్టాడు. మనిషిని ఒక్కసారి తేరిపార చూస్తే చాలు, టేపు పట్టకుండా కొలత చెప్పేవాడు. ఒకసారి ఒక నటుడు ఫోన్లో మాట్లాడుతుంటే గొంతు విని నడుము కొలత చెప్పానని ఆయనే చెప్పుకుంటాడు. అందులో నిజం పాలెంతో అడక్కూడదు.

ఇంతకీ గుండీ రంగు మారడంలో మంత్రమూ లేదు, మాయా లేదు. ఇన్‌స్పెక్టరుకి ఒకేలాంటి కోట్లు మూడుంటాయి. దగ్గర నుంచి తీసేటప్పుడు ఒకటి, పరుగులూ కొట్లాటలకు ఒకటి, వానలో తడవడానికి ఒకటి. నటుడు పొద్దున్న ఒకటి వేసుకుంటాడు, అది నలిగితే మధ్యాహ్నం ఇంకోటి వేసుకుంటాడు. తెర మీద అంతా ఒకే రోజు, ఒకే గది. కొట్లాట కోటుకి మూడో గుండీ ఊడితే మాస్టారు డబ్బాలోంచి నల్లది తీసి కుట్టాడు. అంటే, నల్లదనుకుని.

ఆ సంగతి ఆయనకి మనవరాలి నోటి నుంచే తెలిసింది. "తాతా, నీ కళ్ళముందే తిరిగే కోటు కదా, ఎర్రగుండీ రహస్యం నీకు తెలియకుండా ఉంటుందా? చెప్పు, చెప్పు" అని ఆమె చెయ్యి పట్టుకుని ఊపింది.

"చెబితే మా కంపెనీ వాళ్ళు నా నాలుక కోస్తారే" అని నవ్వి తప్పించుకున్నాడు. ఆ నవ్వు ఇంటి గేటు దాటేవరకే ఉంది. మర్నాడు అందరికంటే ముందే వెళ్ళి, ఆ కొట్లాట కోటు తీసి, కిటికీ దగ్గర వెలుతురులో పెట్టుకుని చూశాడు. కళ్ళద్దాలు తుడిచి చూశాడు. తీసేసి చూశాడు. నాలుగు గుండీలు. నాలుగూ నలుపే.



ఏడాదిగా లోకం మీద ఎవరో పల్చటి పరదా కప్పినట్టే ఉంది ఆయనకి. సూదిలోకి దారం నాలిక తడితో, వేళ్ళ గుర్తుతో ఎక్కిస్తున్నాడు. కుట్టు వంకర పోదు, చేతికి తెలుసు గనక. రంగు మాత్రం చేతికి తెలియదు కదా. ఈ మాట బయటికి పొక్కితే, "మాస్టారూ, ఇక విశ్రాంతి తీసుకోండి" అని ఒక దండ వేసి పంపించేస్తారు. దండ వాడిపోయాక ఏం చెయ్యాలి? ఇంట్లో కూర్చోవడం ఆయనకి చేతకాదు. ఆదివారం ఒక్కరోజే గడవక గోనెసంచులకి కాజాలు కుట్టే మనిషి.

వేలితో తడిమితే మూడో గుండీ దొరికింది. మిగతావాటికి దారం నిలువుగా ఉంటే, దానికి అడ్డంగా పెనవేసి ఉంది. గబగబా కోసెయ్యబోయాడు. కత్తెర ఆనించాడో లేదో, తలుపులోంచి రచయిత ఒక్క గంతులో వచ్చి చెయ్యి పట్టేశాడు. దువ్వెన ముఖం చూడని జుట్టు అతనిది.

"మాస్టారూ! ఆగండాగండి! ఎవరండీ ఈ గుండీ పెట్టింది? మీరేనా?"

"పొరపాటున..." అని మొదలెట్టాడు మాస్టారు.

"పొరపాటా? మీరు మరీ వినయం! మూడు నెలలుగా నేను తల బద్దలు కొట్టుకుని పెట్టిన ఆధారాలు ఒక్కడూ చూళ్ళేదండీ. మీ గుండీ చూసి దేశం నిద్ర మానేసింది. మేం అసలు హంతకుడు తోటమాలి అనుకున్నాం. తోటమాలిని వదిలేశాం. ఇప్పుడు కవలలే! పాపం ఆ తోటమాలి నటుడు హంతకుడి నవ్వు నవ్వడం నేర్చుకుని, ఇంట్లో పిల్లల్ని జడిపిస్తున్నాడట. అదలా ఉంచండి. శుక్రవారానికి రెండో కవలకి కొత్త కోటు కావాలి. నాలుగు గుండీలూ ఇదే ఎరుపు. పిసరంత తేడా వచ్చినా జనం మనల్ని బతకనివ్వరు!"

రచయిత వచ్చినంత వేగంగానూ వెళ్ళిపోయాడు. మాస్టారు గుండీల డబ్బా వంక చూశాడు. అందులో వెయ్యి గుండీలుంటాయి. సగానికి సగం ఆయన కంటికి ఒకటే చీకటి.

సాయంత్రం డబ్బా సంచిలో వేసుకుని ఇంటికొచ్చాడు. మనవరాలు పటం ముందు నిలబడి కొత్త ఎపిసోడ్ గీతలు గీస్తోంది.

"ఏమే, డిటెక్టివూ! నీకు నిజంగా కళ్ళున్నాయో, వట్టి నోరేనో చూద్దాం. ఇందులోంచి నీ హంతకుడి గుండీ రంగువి నాలుగు ఏరు."

"ఓస్, ఇంతేనా!" అని ఆమె మంచం మీద డబ్బా బోర్లించి, చిటికెలో నాలుగు ఏరి చేతిలో పెట్టింది. "రెండో కోటుకా తాతా? అంటే కవలలే! నేను చెప్పలా!" అని ఎగిరింది. ఎగురుతూ ఎగురుతూ ఆగింది. "అయినా నన్నెందుకు ఏరమన్నావు? డబ్బా నీదేగా."

"పరీక్ష."

"సరే, ఇప్పుడు నీకు పరీక్ష." ఆమె రెండు గుండీలు రెండు అరచేతుల్లో పెట్టి చాపింది. "ఏది ఎరుపు?"

"నాకు పరీక్షలేంటే, నేను నలభై ఏళ్ళ..."

"ఏది, తాతా?"

ఆయన కుడిచెయ్యి చూపించాడు. ఆ పిల్ల ముఖం ఎలా మారిందో ఆయనకి కనపడలేదు గానీ, గదిలో మాట ఆగిపోవడం వినపడింది.

"రెండూ నలుపే" అంది చివరికి, చిన్నగా.

మంచం మీద కూలబడింది. తెలివైన పిల్ల, ఇక చెప్పక్కర్లేకపోయింది. కవలలు లేరు. కెమెరా లేదు. పదకొండు పేజీలూ, గోడంత పటమూ, నలభైవేల మందీ తాతయ్య కంటి పొర చుట్టూ తిరిగారు. ముందు తన పేజీల కోసం ఓ కన్నీటిచుక్క రాల్చింది. తర్వాత తాత కోసం నాలుగు రాల్చింది. లెక్క ఆయన తర్వాత సాధించాడు: "నాకు ఎక్కువ పడ్డాయి, చాలు."

"మీ దుస్తుల గది మేడమ్‌కి చెప్పెయ్ తాతా. కంట్లో శుక్లమే అయ్యుంటుంది. చిన్న ఆపరేషన్ అంతే."

"నోర్మూసుకో. మీ అమ్మక్కూడా చెప్పకు. ఆపరేషనంటే సెలవు. సెలవంటే నా మిషను మీద ఇంకోడు. ఇంకోడు కూర్చున్న మిషను మళ్ళీ మన మాట వినదు."

ఆమె వాదించలేదు. గుండీలన్నీ రంగు రంగుకీ పొట్లాలు కట్టి, నలుపుకి ఒక ముడి, ఎరుపుకి రెండు, నీలానికి మూడు వేసింది. తడిమి చూసుకోమంది. శుక్రవారం కోటు అద్భుతంగా వచ్చింది. రెండో కవల దాన్ని వేసుకుని అద్దంలో చూసుకుని తనకి తానే భయపడ్డాడట.

దుస్తుల గది పెద్ద ఆ మేడమే. ఆ పనిలోకి వచ్చి పదేళ్ళయింది, నవ్వడం తక్కువ. ఆవిడ కూడా ఆ రోజు నవ్వింది. "మాస్టారూ, నాకు ఇంకో సీరియల్ కూడా అప్పగించారు. వచ్చే నెల నుంచి ఇక్కడ రంగులన్నీ మీ ఇష్టం. దారాలు, అస్తర్లు, గుండీలు, అన్నీ మీరే ఏరండి. నేను చూడను." రచయిత పక్కనుంచి, గుండీ ఆలోచన ఎలా తట్టిందో కెమెరా ముందు చెప్పాలన్నాడు. మాస్టారు అప్పటికప్పుడే ఒక కథ అల్లి చెప్పాడు. కలలో ఒక హంతకుడు కొలతలివ్వడానికి వచ్చాడనీ, గుండీ మాత్రం తనే తెచ్చుకున్నాడనీ. లైట్లు పట్టేవాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు. ఆయన జన్మలో అంత మంచి అబద్ధం ఆడి ఉండలేదు. ఇంటికెళ్ళేదాకా ఆ చప్పట్లు చెవుల్లోనే ఉన్నాయి.

మనవరాలి గది తలుపు తీసే ఉంది. గోడ మీద ఏదో పెద్ద కాగితం మసగ్గా కనపడింది.

"మళ్ళీ ఏం కనిపెట్టావే? ఈసారి ముగ్గురు కవలలా?"

"అది పటం కాదు తాతా. పటం చింపేశా. నీ దారాల పట్టిక. ఏ కండెకి ఎన్ని ముడులు వెయ్యాలో. నూట పన్నెండు రంగులున్నాయి. మంగళవారం, గురువారం నాకు క్లాసు మధ్యాహ్నం గనక, పొద్దున్నే నీతో స్టూడియోకొచ్చి ముడులేస్తా. మిగతా రోజుల్లో నువ్వు ఫోన్లో ఫొటో తీసి పంపు, నేను క్లాసులోంచి చెబుతా."

"క్లాసులోంచా?"

"బల్ల కింద పెట్టుకుంటా. ఎవరూ చూడరు."

ఆయన గోడ దగ్గరికెళ్ళి కాగితం మీద చెయ్యి వేశాడు. పదకొండు పేజీలు రాసిన పిల్ల, నలభైవేల మందిని వాదనలో ఓడించిన పిల్ల, దారపు కండెలు లెక్కపెట్టుకుంటోంది. అదీ బల్ల కింద. 

మర్నాడు పదకొండింటికి మేడమ్ గదిలోకెళ్ళి నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అమ్మా, నిన్న కెమెరా ముందు చెప్పింది అబద్ధం. ఆ గుండీ ఆలోచన కాదు. నాకు ఎరుపు కనపడలేదు. నలుపనుకుని కుట్టాను. శుక్రవారం కోటుకి గుండీలు ఏరింది నా మనవరాలు. రంగులు నాకు అప్పగించకండి."

ఆవిడ చేతిలో కాగితాలు పక్కన పెట్టింది. "ఎన్నాళ్ళుగా?"

"ఏడాది."

"ఏడాది!" ఆవిడ లేచి నిలబడింది. "ఇస్త్రీపెట్టె పక్కన, కత్తెరల మధ్య, కళ్ళు కనపడకుండా ఏడాది తిరిగారా? వేలు తెగితే? చెయ్యి కాలితే? పదేళ్ళుగా పక్క గదిలో ఉన్నాను, నాతో ఒక్కమాట చెప్పాలనిపించలేదా? నేనేం పులినా?"

"పులి కాదమ్మా. పులైతే ఇంత భయపడేవాణ్ణి కాదు."

ఆవిడకి నవ్వొచ్చింది, ఆపుకుంది. "వినండి. మీ మిషను ఖాళీగా ఉంచలేను. షూటింగ్ ఆగదు. రెండు కళ్ళకీ వైద్యం అయి, డాక్టరు సరేననేదాకా అక్కడ ఇంకొకర్ని కూర్చోబెడతాను. తర్వాత మీకు రంగులు తెలిస్తే, మీ మిషను మీకే. తెలియకపోతే రంగుతో పనిలేని కుట్టేదో చూద్దాం. అంతకంటే మాటివ్వలేను."

"అంతకంటే నేనడగలేదమ్మా" అన్నాడు మాస్టారు. బయటికొచ్చి, రాబోయే మనిషికి ఇబ్బంది లేకుండా మిషనుకి నూనె వేశాడు. మూడో పళ్ళచక్రం దగ్గర కొంచెం మొరాయిస్తుందనీ, తిట్టకుండా నెమ్మదిగా తొక్కాలనీ పక్కవాడితో రెండుసార్లు చెప్పాడు.

సాయంత్రం మనవరాలు కాలేజీ నుంచి తిన్నగా స్టూడియో గేటు దగ్గరికొచ్చింది.

"చెప్పేశాను" అన్నాడు ఆమె అడక్కముందే.

"ఏమంది?"

"తిట్టింది."

"బాగా?"

"చాలా బాగా. మీ అమ్మమ్మ పోయాక అంత శ్రద్ధగా నన్నెవరూ తిట్టలేదు. సోమవారం డాక్టరు దగ్గరికి తనే వస్తుందట, నేను మధ్యలో పారిపోతానని."

ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. రోడ్డు దాటించడానికి. ఎప్పుడూ విదిలించుకునే తన చేతిని ఆయన ఈసారి ఆమె చేతిలోనే ఉండనిచ్చాడు.

"తాతా, మరి గ్రూపులో ఏం చెప్పను? నలభైవేల మంది నన్నే అడుగుతున్నారు."

"నిన్నటిదాకా ఏం చెప్పావో అదే చెప్పు. ఇప్పుడు కవలలు నిజమేగా, వాళ్ళలో ఒకడికి కోటు కుట్టింది నేనేగా" అని, ఎదురుగా వస్తున్న బస్సు ఏ రంగుదో ఆమెని అడిగి తెలుసుకుని, ఎక్కాడు.