కారు తలుపు కింది కన్నాలు

"కారులో ఏదో చచ్చిన వాసనొస్తోంది, కాస్త చూడు" అన్నాడు భర్త, ఆమె భుజం మీది సంచి ఇంకా కింద పెట్టకముందే.

ఆమె తల్లి పోయి పదిహేను రోజులైంది. నెల రోజుల పాటు ముందు ఆసుపత్రిలో, తరవాత పుట్టింట్లో గడిపి, తెల్లవారగానే బస్సెక్కి మధ్యాహ్నానికి ఇల్లు చేరింది. "అలిసిపోయావా" అని కాకపోయినా "తిన్నావా" అనైనా అంటాడనుకుంది. ఇన్నేళ్ళ తరవాత కూడా అలా అనుకునే అలవాటు ఎందుకు పోలేదో ఆమెకే తెలియదు. దారి పొడుగునా ఒక్క మాటే కూడగట్టుకుంటూ వచ్చింది. వచ్చే నెలాఖరుకి అమ్మ ఉన్న అద్దె ఇల్లు ఖాళీ చేయాలి. బట్టలు, గిన్నెలు, కుట్టుమిషను, అన్నీ సర్దాలి. అక్కడ చెల్లి ఒక్కతే ఉంది. అందుకని మళ్ళీ వెళ్తాను, ఇంకో నెల ఉంటాను. ఇంతే మాట. బస్టాండులో చెల్లి ఏమీ అడగలేదు. బస్సు ఊరు దాటాక ఫోన్ చేసి, "అక్కా, నువ్వెళ్ళిపోయావని తెలుసు. అయినా ఇంటికొచ్చి రెండు గ్లాసుల్లో టీ పోశాను" అంది.

వసారాలోంచి అత్తగారు తల తిప్పారు. "వచ్చావా అమ్మాయ్? చూడు, ఇంట్లో ఆడది లేకపోతే కారు కూడా కంపు కొడుతుంది." మళ్ళీ తనే గొంతు తగ్గించి, "పోయినావిడ ఎలాగూ పోయింది. పిల్లకి పరీక్షలు. దాని ముందు ఏడుపు మొహం పెట్టకు" అన్నారు.

ఏడుపు మొహం ఆమె ఎక్కడా పెట్టలేదు. అక్కడ దానికి తీరికేది? వచ్చినవాళ్ళకి కుర్చీలు వేయడం, టీలు ఇవ్వడం, ఆఖరి రోజు సంగతి కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళకీ మొదట్నుంచీ చెప్పడం. భర్త ఒక పూట వచ్చి వెళ్ళాడు. ఆ తరవాత ఫోన్‌లో, "అనుకున్నదేగా, వయసైపోయింది. నువ్విక గట్టిపడాలి. ఇక్కడ ఇల్లంతా ఆగిపోయింది" అన్నాడు. సరేనని గట్టిపడింది. చెప్పిన పని చేయడం ఆమెకి బాగా వచ్చు.

సంచి గుమ్మం పక్కన పెట్టి కారు దగ్గరికి వెళ్ళింది.

కారు సంగతి ఆ ఇంట్లో ఆమెకి తప్ప ఎవరికీ తెలియదు. పదకొండేళ్ళ కిందట, కొన్న మొదటి వానాకాలంలోనే ముందు సీటు కింద నీళ్ళు చేరాయి. "నువ్వే సీసా ఒలకబోసుంటావు" అన్నాడు భర్త. "లేదండీ" అంటే, "మరి నేనా?" అన్నాడు. షెడ్డుకి తీసుకెళ్తే అతను ఫోన్ మాట్లాడుతూ బయటే నిలబడ్డాడు. పెద్దాయన, మెకానిక్కు, వైపర్ల కింది జాలీ ఎత్తి, పిడికెడు కుళ్ళిన ఆకులు తీసి ఆమెకి చూపించాడు. "కారులోకి నీళ్ళు రాకుండా ఎవడూ చేయలేడమ్మా. ఇక్కణ్ణుంచి వస్తాయి, తలుపు అద్దాల పక్కనుంచి దిగుతాయి. వచ్చినవి పోయే దారి ఉంటే చాలు." తలుపుల అడుగు అంచున వేలి గోరంత కన్నాలు చూపించాడు. మూరెడు ప్లాస్టిక్ తీగ కోసి చేతికిచ్చి, "నెలకోసారి దీంతో మెల్లగా కదపండి. గట్టిగా పొడిస్తే లోపల గొట్టం ఊడుతుంది" అన్నాడు.

అప్పట్నుంచి ప్రతి నెలా మొదటి ఆదివారం, అందరూ భోంచేసి కునుకు తీసే వేళ, ఆమె కారు దగ్గర మోకాళ్ళ మీద కూర్చునేది. ఎదురింటివాళ్ళ చెట్టు ఎండుటాకులన్నీ ఈ కారు మీదే రాల్చేది. జాలీ కింద ఏరి, తీగతో కదిపి, చెంబుతో నీళ్ళు పోసి, చక్రం పక్కన ధార పడేదాకా చూసేది. ధార పడితే ఆమెకి భలే తృప్తిగా ఉండేది. ఆ కారుని ఆమె నడపదు. కాలేజీ రోజుల్లో తీసుకున్న లైసెన్సు బీరువాలో ఉంది. "ఈ ట్రాఫిక్‌లో నీ వల్ల కాదు" అన్నాడు భర్త. ముందు సీటు అత్తగారిది. ఆమె చోటు వెనక ఎడమ వైపు, కూరగాయల సంచుల పక్కన. బంధువులొచ్చినప్పుడు మాత్రం అతను బానెట్ మీద చెయ్యేసి, "పదకొండేళ్ళు! ఒక్క చుక్క లోపలికి రాలేదు. కొనేటప్పుడే చూసుకోవాలి" అనేవాడు. ఆమె టీ కప్పులు తీసుకెళ్ళేది.

ఇప్పుడు డ్రైవరు తలుపు తెరిచింది. తలుపు లోపల, బిందెలో తొణికినట్టు, నీళ్ళు కదిలిన చప్పుడు. కింద కార్పెట్ మీద చెయ్యి నొక్కితే వేళ్ళ మధ్యనుంచి నల్లటి నీళ్ళు ఉబికాయి. కిందికి వంగి చూసింది. కన్నాలు లేవు. వాటి స్థానంలో తెల్లటి బంక, నున్నగా, ఎక్కడా అంచు దాటకుండా అద్దినది. బంక మీద బొటనవేలి ముద్ర. ఇంట్లో ఏ పనీ అతను అంత శ్రద్ధగా చేయగా ఆమె చూడలేదు.

"ఇదేంటండీ?"

"నువ్వెళ్ళాక వానలు కదా, తలుపు కింద నుంచి ఒకటే కారడం. నా ప్యాంటు పాడైంది. కంపెనీ వెధవలు కన్నాలు పెట్టి అమ్మారు. నాలుగు తలుపులకీ మూసి పారేశా." గొంతులో కాస్త గర్వం. "నువ్వేమో మ్యాట్లు కడిగి తడివే పరిచి వెళ్ళుంటావు. దానికే ఈ కంపు."

"అవి నీళ్ళు లోపలికొచ్చే కన్నాలు కాదు. బయటికి పోయేవి."

"మరి లోపలికెలా వస్తాయి? పదకొండేళ్ళూ రాలేదే!"

"వచ్చాయి" అంది ఆమె.

అతనికి అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పడానికి ఆమె ఆగలేదు. వంటింట్లోంచి కూరగాయల కత్తి తెచ్చి నేల మీద కూర్చుంది. మొదటి తలుపు బంక చీల్చగానే నీళ్ళు భళ్ళుమని ఒళ్ళో పడ్డాయి. చల్లగా, మట్టి రంగులో, పాచి వాసనతో. రెండోది. మూడోది. "చీర పాడవుతోంది కదమ్మా" అని కూతురు కిటికీలోంచి అరిచింది. నాలుగోది ఆమె కూర్చునే వైపు తలుపు. దాంట్లోనే ఎక్కువ నీళ్ళున్నాయి. చెట్టు నీడ ఆ వైపే, ఆకులూ ఆ వైపే. ధార ఎంతకీ ఆగలేదు. ఆమె చూస్తూ కూర్చుంది. చూస్తూ ఉండగానే, ఆసుపత్రిలో అమ్మ ఆఖరి రోజు తన చెయ్యి తడిమి "గోళ్ళు ఇలా అరిగిపోయాయేంటే?" అనడం గుర్తొచ్చింది. అప్పుడు నవ్వేసి దుప్పటి సర్దింది. ఇప్పుడు గొంతులోంచి ఏదో చప్పుడు వచ్చింది. అది తన గొంతేనని తెలియడానికి కాసేపు పట్టింది.

"ఏంటమ్మాయ్, వీధిలో ఏడుపేంటి?" అత్తగారు వసారా మెట్టు దిగారు.

"లేచి లోపలికి పద. ఎవరైనా చూస్తారు" భర్త గొంతు తగ్గించాడు. "కారుకి ఏడుస్తారా ఎవరైనా? రేపు షెడ్డుకిచ్చేద్దాం."

ఆమె లేవలేదు. నీళ్ళు ఆగేదాకా కూర్చుంది. తరవాత డిక్కీలోంచి ప్లాస్టిక్ తీగ తీసి, నాలుగు తలుపుల కన్నాలూ, వైపర్ల కింది గొట్టమూ ఒక్కొక్కటే కదిపింది. చెంబుతో నీళ్ళు పోసింది. చక్రం పక్కన ధార పడింది.

"నేను మా చెల్లి దగ్గరికి వెళ్తున్నాను" అంది. "నెల రోజులు పడుతుంది."

భర్తా, అత్తగారూ, కిటికీలోంచి కూతురూ ఆమె వైపే చూశారు. ఎవరో ఒకరు "మరి నా సంగతి?" అంటారనుకుంది.

"మరి కారు?" అన్నాడు భర్త.

ఆమె తీగని చుట్టి అతని చేతిలో పెట్టింది. "గట్టిగా పొడవకండి" అంది. కళ్ళు తుడుచుకోకుండానే గుమ్మం దాకా నడిచి, విప్పని సంచి అలాగే భుజానికెత్తుకుంది.