కిందికి దిగని కాక్

పొద్దున ఎనిమిదింటికి షెడ్డు తలుపు తీయగానే ఈకల అక్క తన పీట మీద కూర్చునేది. ముందు బుట్టెడు బాతు ఈకలు. ఎడమ రెక్కవి ఒక కుప్ప, కుడి రెక్కవి ఇంకో కుప్ప. షటిల్ ఆడే కాక్‌కి పదహారు ఈకలు, పదహారూ ఒకే వైపు రెక్కవి కావాలి. ఒక్కటి మారిందా, కాక్ తాగినోడిలా ఊగుతూ పోతుంది. ఇరవై రెండేళ్లలో అక్క చెయ్యి ఒక్కసారీ తప్పలేదు. రాకెట్ మాత్రం ఆవిడ ఎప్పుడూ పట్టలేదు, ఆ తీరిక ఎవరిచ్చారు గనక!

కాక్ తయారయ్యాక పైకి ఎగరేసి "ఆగు" అనేది. గాల్లో ఆగేది. చుట్టూ తిరిగి ఈకలన్నీ సరిచూసుకుని, "దిగు" అంటే దిగేది. డబ్బాలో పెట్టేది.

"నీ కాక్‌లైనా నీ మాట వింటాయి, నా మొగుడే నా మాట వినడు," అనేది జిగురు పూసే పిన్ని.

ఒకరోజు మేనేజరు వచ్చి నసిగాడు. "కంపెనీ ఈ పనిని వేరే దేశానికి మారుస్తోందక్కా. నెలాఖరుకి ఇక్కడ మూత. ఈలోగా అక్కడివాళ్లకి ఫోన్లో నువ్వే పని నేర్పాలి."

పిన్ని ఒంటికాలి మీద లేచింది. "మన గొయ్యి మనమే తవ్వుకోవాలా? తప్పుగా నేర్పవే! రెక్కలు కలిపేయమను. దెబ్బకి మన కాళ్ల దగ్గరికే వస్తారు."

"వాళ్లేం చేశారు పిన్నీ? మనలాగే పిల్లలకి వండిపెట్టి వచ్చి కూర్చున్నారు. నేర్పితే మొత్తం నేర్పుతా."

ఫోన్లో ఎర్ర స్వెటర్ అమ్మాయి కనిపించింది. ఒకరి భాష ఒకరికి రాదు. అక్క ఈక వంపు తడిమితే ఆ పిల్లా తడిమేది. చివరిరోజు అక్క కాక్ ఎగరేసి "ఆగు" అంది. ఆ పిల్ల తన కాక్ ఎగరేసి, తన భాషలో ఏదో అంది. అదీ ఆగింది. ఇద్దరూ పగలబడి నవ్వారు. మేనేజరు అప్పుడు టీ తాగుతున్నాడు.

నెలాఖరుకి షెడ్డుకి తాళం పడింది. నలభైమంది ఆడవాళ్లు రోడ్డున పడ్డారు. రేపట్నుంచి రావద్దన్న ముక్క కూడా వాచ్‌మన్ చేత చెప్పించారు! అక్కకి ఒళ్లు మండిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం ప్రపంచ పోటీల ఫైనల్. అందరూ పిన్ని ఇంట్లో టీవీ ముందు చేరారు. ఆడేది పాత సరుకుతోనే, అక్క చేతి కాక్‌లతో. ఆట మంచి రసపట్టులో ఉండగా అక్క లేచి "ఆగు" అంది. వల మీద కాక్ ఆగిపోయింది. అంపైర్ ఇంకోటి తెప్పించాడు. అదీ ఆగింది.

మేనేజరు ఫోన్. "అక్కా, దింపు!"

"తాళం తియ్యి."

"నీవి కాకపోతే కొత్త దేశం డబ్బాలున్నాయిలే," అని పెట్టేశాడు.

కొత్త డబ్బా విప్పారు. అక్క ఈసారి "ఆగు" అనలేదు. తన చేతివి కావు, తన మాట వినవు. పనైపోయిందనుకుంది. పిన్ని కళ్లు మూసుకుంది. సర్వీస్ పడింది. కాక్ లేచింది, వల దాకా వచ్చింది, ఆగింది.

పిన్ని ఇల్లంతా ఒక్కసారిగా గోల. అక్క కళ్లనీళ్లు తుడుచుకుంటూ, "నా తల్లే! నా బంగారమే!" అని టీవీకేసి అరిచింది.

పావుగంటలో మళ్లీ మేనేజరు, ఈసారి వీడియోలో, రొప్పుతూ. వెనక షెడ్డు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. "తీశానక్కా! పైవాళ్లు ఒప్పుకున్నారు, రేపట్నుంచి అందరూ పనిలోకి రండి. నీకు దండం పెడతా, దింపు."

"దిగండే," అంది అక్క. రెండు కాక్‌లు దిగాయి.

"మూడోది?"

"అది నా చేతిలో లేదు. ఎర్ర స్వెటర్ పిల్లని అడుగు. వాళ్లకేం కావాలో కనుక్కో."

"ఆవిడ భాష నాకు రాదక్కా!"

"నేర్చుకో," అంది ఈకల అక్క.