ఆకు నూరిన చేతులు

పొద్దున్నే మొజంజాహీ మార్కెట్ దాకా పోయొచ్చిన శ్రావణ్, తడిబట్టలో చుట్టిన ఆకుల కట్టను వంటింటి గట్టు మీద పెట్టాడు. రోజూ ఇంత నూరి అమ్మకు పసరు తాగించమని భార్యకు చెప్పాడు. కంట్లో ప్రెషర్ తగ్గుతుందట, ఇక దవాఖాన చుట్టూ తిరిగే పరేషాన్ ఉండదట.

వైశాలి ఐదింటికే లేచింది. తొమ్మిదింటికల్లా ఆబిడ్స్‌లో బట్టల దుకాణం కౌంటర్ దగ్గర నిలబడాలి. రోలు కోసం గట్టు కిందికి వంగింది. ఆ వంగిన వీపును చూస్తూ అత్త సౌభాగ్య కూర్చున్న చోటే ఉండిపోయింది.

భర్త వామన్‌రావుకు కంట్లో ఒత్తిడి పెరిగి చూపు పోయే నీటికాసుల జబ్బు వచ్చినప్పుడు ఎవరో ఇదే ఆకు చెప్పారు. ఆయన డాక్టరిచ్చిన చుక్కలు మానేశాడు. ఆరేళ్ల పాటు ఆమె తెల్లారకముందే లేచి నూరింది, గుడ్డలో పిండి గ్లాసు చేతికిచ్చింది. చేదెక్కితే ఆమె తప్పు, పలచనైతే ఆమె తప్పు. చూపు పూర్తిగా పోయాక ఆడబిడ్డ నాగవల్లి నలుగురిలో అన్నది: "మా అన్నకు మందు మంచిదే దొరికింది. నూరే చెయ్యే మంచిది దొరకలే." ఆయన విన్నాడు, కాదనలేదు.

పేపరు చదివి వినిపించే మనిషి కావాలని, యాభై ఎనిమిదేళ్ల భార్య అరచేతిలో వేలితో రాసి అక్షరాలు నేర్పించాడు. ఆయన కళ్లు పోతే గాని ఆమెకు చదువు రాలేదు. ఆయన పోయాక కూడా ఆమె పేపరు మానలేదు. ఎవరి కోసమూ కాకుండా చేసే పని అదొక్కటే.

ఈమధ్య వరుస మొదట్లో మాటలు మాయమవుతుంటే, ముసలితనంలో నేర్చిన అక్షరాలు కదా, మర్చిపోతున్నాననుకుంది. సిగ్గుపడి మూడు నెలలు ఎవరికీ చెప్పలేదు. చివరికి వైశాలే సెలవు పెట్టి నాంపల్లిలో కంటి దవాఖానకు తీసుకుపోయింది. పోయింది అక్షరాలు కాదు, చూపు అంచులని, తనకూ నీటికాసులేనని అక్కడే తెలిసింది.

భర్తకు నూరిచ్చిన ఆకుల సంగతి సౌభాగ్య అడిగితే డాక్టరమ్మ నవ్వలేదు. కొన్ని మొక్కల్లో ఒత్తిడి తగ్గించే గుణం నిజంగానే ఉందనీ, ఒక ఆకు నుంచి తీసిన చుక్కల మందు ఎప్పటినుంచో వాడుతున్నారనీ చెప్పింది. "కానీ అది శుద్ధిచేసి, కొలత కట్టిన మందమ్మా. ఇంట్లో ఎంత మెత్తగా నూరినా ఆ మందు కాదు."

ఎంత మెత్తగా నూరినా. ఆ మాటను సౌభాగ్య నాంపల్లి నుంచి ఇంటిదాకా మోసుకొచ్చింది.

ఇప్పుడు లేచి, కోడలి చేతిలోంచి పొత్రం తీసి పక్కన పెట్టింది. "నువ్ తయారు కా బిడ్డా, లేటైతది." డాక్టరమ్మ ఇచ్చిన చుక్కల సీసా తెచ్చి కొడుకు చేతికిచ్చింది. కుర్చీలో కూర్చుని తల వెనక్కి వాల్చింది. "పొద్దున, రాత్రి. గీ పని నువ్ చెయ్యాలె."

శ్రావణ్ సీసా పట్టుకుని నిలబడ్డాడు. "మంచిగ నూరితె ఆకు పనిచేస్తదంటున్నరమ్మా."

ఆమె కళ్లు తెరిచే ఉంచింది.

"నేను మంచిగనే నూరిన."