గడప ముందు తొట్టి

కోళ్ల షెడ్డు తాళం విరిగి వేలాడుతోంది. సరిత తలుపు తోసేసరికి నెత్తురు వాసన గుప్పుమంది.

గడప ముందున్న తొట్టిని దాటి ఒక్క దూకులో లోపలికి పడింది. నిన్న సాయంత్రమే కొత్త ఊక పరిచిన నేల, మొన్ననే సున్నం వేసిన గోడలు. ఆ తెలుపంతా ఎర్రగా చిమ్మి ఉంది. పుంజుల్లో ఒక్కదానికీ మెడ మీద తల లేదు. చంపినవాడు అంతటితో ఆగలేదు. తోకలన్నీ మొదలంటా కోసి ఒక మూలన కుప్ప పోశాడు.

పందెం కోడికి కాళ్లు ముఖ్యం. షో కోడికి తోకే ప్రాణం. నేలను తాకే తోక, చిలక ముక్కు, మచ్చలేని ఈక చూసి కప్పు ఇస్తారు. కోరుట్లలో షో రేపే.

వెనకే తమ్ముడు నరేందర్ వచ్చాడు. చేత్తో పెంచిన నెమలి రంగు పుంజు మొండేన్ని ఎత్తి గుండెకు అదుముకున్నాడు.

"ఎవడే అక్కా? ఎవడే గీ పని చేసింది?"

కేకలు విని పక్క వాడ నుంచి దేవదాస్ బండి మీద వచ్చాడు. వాళ్ల పెద్దక్క సుధ భర్త. ఈ ఇంట్లో కోళ్ల పిచ్చి పెట్టింది అతనే. సొంతంగా షెడ్డు పెట్టుకుని విడిపోయి రెండేళ్లవుతోంది. గేటు బయటే ఆగిపోయాడు.

"నేను లోపలికి రాను సరితా. నా చేతుల పుట్టిన జాతి అది. నాతోని కాదు." కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. "గా సిరిసిల్ల ప్రకాశ్ గాడే. పోయినేడు షోల ఓడిపోయినంక మైకు పట్టుకొని ఏమన్నడు? వచ్చేసారి మీ మల్యాల కోళ్లకు తోకలుండయి అనలే?"

అన్నాడు. ఆ మాట అందరూ విన్నారు.

నరేందర్ చూరులోంచి కొడవలి లాగాడు. సరిత అడ్డం పడి అంగీ పట్టుకుంది. అంగీ చిరిగి చేతిలోకి వచ్చింది తప్ప తమ్ముడు ఆగలేదు.

"బావా, నువ్వన్న చెప్పు! వాడు మనిషిని సంపి జైలుకు పోతడు!"

"నేను ఎంబడే ఉంట కద," అంటూ దేవదాస్ కిక్కు కొట్టాడు. "ఎక్కురా."

బండి వేములవాడ రోడ్డెక్కింది.

సరిత ఇంట్లోకి పరుగెత్తి వంటగదిలో గంప ఎత్తి చూసింది. తెల్లోడు ఉన్నాడు. నిన్న మధ్యాహ్నం కుంకుడు రసంతో స్నానం చేయించి, తోకకు మెత్తటి గుడ్డ చుట్టి, పొయ్యి వెచ్చదనానికి ఆరబెట్టిన తెల్ల పుంజు. మునుపు దేవదాస్ షో పొద్దునే కడిగించేవాడు. తడి ఈక విచ్చుకోదని ఆమె రెండు రోజులు ముందుకు జరిపింది. అందుకే అది బతికింది.

తమ్ముడికి ఫోన్ చేసింది. అది మంచం మీదే మోగింది. ప్రకాశ్‌కు చేసింది. ఎత్తలేదు. అతనిది సిరిసిల్లలో సాంచల షెడ్డు. మరమగ్గాలు ఆడుతుంటే చెవి దగ్గర డప్పు కొట్టినా వినపడదు. వంద నొక్కబోయి ఆగింది. పోలీసులు వెళితే కొడవలితో దొరికేది తమ్ముడే.

స్కూటీ తాళం షెడ్డు గోడకే ఉంది. తీసుకోవడానికి వెళ్లినప్పుడు చూసింది.

గడపకు లోపల, ఊక పరవని సిమెంటు పట్టీ మీద నెత్తురు ఎండి నల్లబడింది. దాని కింద ఒక పాదం అచ్చు మాత్రం ఎర్రగానే ఉంది. కుంకుమంత ఎరుపు. వేళ్లు లోపలి వైపు.

సరిత తొట్టి వంక చూసింది. షెడ్డులోకి రోగం రాకుండా కాళ్లు ముంచుకునే సున్నపు నీళ్లు. నెల కిందట కోళ్లకు కాళ్ల పుండ్లు లేస్తే ఆమె అందులో పసుపు కలపడం మొదలుపెట్టింది. సున్నంలో పసుపు పడగానే ఎర్రబడింది. అప్పటి నుంచి అక్కాతమ్ముళ్ల పాదాలకు పారాణే. "పెండ్లిపిల్ల లెక్కున్నవురా" అని తమ్ముణ్ని ఏడిపించేది కూడా.

నిన్న ఊక పరిచాక ఈ పట్టీని తనే కడిగి తాళం వేసింది. పొద్దున తనూ నరేందరూ తొట్టి దాటి దూకారు. ఈ అచ్చు చంపినవాడిది.

దొంగతనంగా గొంతులు కోయడానికి వచ్చినవాడు కాళ్లు ముంచుకుని వస్తాడా? ప్రకాశ్ అయితే రాడు. ఒకసారి వచ్చినప్పుడు "కోళ్ల కాడికా, గుళ్లెకా?" అని నవ్వి, బూట్లతోనే తొట్టి దాటాడు. ఆమె బయటికి గెంటింది. ముంచనిదే అడుగు పడని మనిషి ఒక్కడే. మునుపు తెగులొచ్చి కోళ్లన్నీ ఊడ్చిపెట్టుకుపోయాక ఈ తొట్టిని పెట్టించినవాడు. ముంచలేదని ఒకనాడు నరేందర్ చెంప పగలగొట్టినవాడు.

పైగా ఏనాడూ రబ్బరు చెప్పులు తప్ప తొడగని దేవదాస్, ఇవాళ బూట్లేసుకుని వచ్చాడు.

స్కూటీ హ్యాండిల్ ఎంత తిప్పినా వేగం చాలడం లేదు. వేములవాడ దగ్గర వైన్స్ ముందు బావ బండి కనిపిస్తుందేమోనని చూసింది. లేదు. కాని అడిగితే కొట్టువాడు చెప్పాడు: "కొడవలి పట్టుకున్న పోరడా? తాగిపిచ్చి తీస్కపోయిండమ్మా ఒకాయన. గిప్పుడే."

సిరిసిల్లలో షెడ్డు షట్టరు సగం దించి ఉంది. వంగి దూరింది.

సాంచల మోతలో అరుపులు లేవు, నోళ్లు తెరుచుకోవడమే కనిపిస్తోంది. ప్రకాశ్ ఎడమ చెయ్యి మోచేతి కింద తెగి నెత్తురు ధార కడుతోంది. కుడి చేత్తో ఇనుప రాడ్డు తిప్పాడు. అది నరేందర్ మూతికి తగిలి పళ్లు రాలాయి. నరేందర్ తూలి, మళ్లీ లేచి, కొడవలి ఎత్తాడు. ఆ క్షణంలో దేవదాస్ వెనక నుంచి ప్రకాశ్ మోకాలి మడతలో తన్నాడు. ప్రకాశ్ బోర్లా పడ్డాడు. మెడ కొడవలి కిందికి వచ్చింది.

సరిత గోడకున్న మెయిన్ లాగేసింది.

మోత ఆగిపోయింది. ఆ నిశ్శబ్దానికి నరేందర్ చెయ్యి గాల్లో నిలిచింది.

"నరేందరా! ప్రకాశ్ కాళ్లు చూడు!"

బోసి పాదాలు. దూది దుమ్ము తప్ప ఏమీ లేదు.

"ఇప్పుడు బావ బూట్లు ఇప్పమను."

"దీనికి పిచ్చి లేసినట్టుంది," అన్నాడు దేవదాస్. "కొట్టురా, ఏం చూస్తున్నవ్?"

"షెడ్డులకు రానంటివి కద బావా. గేటు కాణ్ణే నిలబడ్డవు కద. మరి పారాణి ఎట్ల పెట్టుకున్నవ్? తొట్టిల పసుపు కలిపిన సంగతి నీకు తెల్వదు. నెత్తురనుకొని ఎంత తోమినా పోలేదా?"

దేవదాస్ చూపు ఒక్కసారి కిందికి పోయింది. నరేందర్‌కు అది చాలు. ఒక్క దూకులో బావను సాంచకు గుద్ది బూటు పీకేశాడు. మడమ పగుళ్ల నిండా ఎరుపు.

"నా తానే నేర్చుకొని నన్నే మూడో నంబరుకు తోస్తిరి," దేవదాస్ గొంతు కీచుమంది. "మీకెవలు నేర్పిన్రురా కోడి కాళ్లకు నూనె రాసుడు?"

కొడవలి లేచింది. సరిత ఆలోచించలేదు. దిగుతున్న కొడవలిని వట్టి చేత్తో పట్టుకుంది. అరచెయ్యి ఎముక దాకా తెగింది.

"ఇడువురా! సుధక్క మొహం ఎట్ల చూస్తవ్ రేపు?"

నరేందర్ వేళ్లు సడలాయి. దేవదాస్ షట్టరు వైపు ఉరికాడు. కింద పడి ఉన్న ప్రకాశ్ అక్కడి నుంచే రాడ్డు విసిరి అతని కాలిమీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది.

దవాఖానాలో దేవదాస్ కాలికి కట్టు వేస్తుంటే, చెయ్యి ఎలా తెగిందని పోలీసాయన అడిగాడు. ప్రకాశ్ నరేందర్ వైపు చూశాడు. "సాంచల చెయ్యి పడ్డది సారు," అన్నాడు. ఆయన అటు వెళ్లాక సరితతో అన్నాడు: "మైకుల నేనన్న మాట నాకే తగిలింది. తెల్లోడు బతికిండా?"

"బతికిండు."

"తీస్కరా రేపు. ఆడ ఓడగొడత."

మాపటికి మల్యాల చేరారు. నరేందర్ పుంజులను పాతిపెట్టడానికి పార పట్టుకుని షెడ్డు ముందుకొచ్చాడు. అలవాటుగా కాలెత్తాడు తొట్టి వైపు. ఎత్తిన కాలు అలాగే ఉండిపోయింది. మూతి వాచి ఏడుపు కూడా సరిగ్గా రావడం లేదు.

సరిత కట్టు లేని చేత్తో తొట్టిని వంచేసింది. ఎర్ర నీళ్లు గడప ముందు నుంచి పారి మట్టిలో ఇంకాయి.

"కొత్త సున్నం తే," అంది. "పసుపు నేనేస్త. ఆటెన్క తెల్లోని కాళ్లకు నూనె నువ్వు రాయాలె. నాకు చెయ్యి లేదు."