సున్నా దగ్గరి ఉప్పు

ప్రయోగశాలలో ఆయన్ని అందరూ వైర్ల బాబాయ్ అంటారు. పేరుకే బాబాయ్, ఎక్కడో వైరు తెగితే తప్ప ఆ పిలుపు వినబడదు. ఇంట్లో ఆపాటి పిలుపు కూడా లేదు. పెళ్ళి ఇవాళ, రేపు అంటూనే యాభై ఆరు దాటాయి. చెల్లెలు ఆదివారాలు ఫోన్ చేసి "తిన్నావా అన్నయ్యా" అని అడుగుతుంది. జవాబు పూర్తయ్యేలోగా పొయ్యి మీద ఏదో ఉందని పెట్టేస్తుంది.

అలాంటి మనిషితో ఏడాదిన్నరగా రోజూ మాట్లాడుతున్నది పరిశోధన చేసే అమ్మాయి ఒక్కతే. ఉప్పునీటిని గడ్డకట్టించి మంచినీరు తీయడం ఆమె పని. నీరు గడ్డకడుతూ ఉప్పును బయటికి నెట్టేస్తుంది. ఆ మంచును కడిగి కరిగిస్తే తాగే నీరు రావాలి. రావాలన్నది పుస్తకం మాట. వచ్చిందో లేదో చెప్పాల్సినవి బాబాయ్ బిగించిన మీటర్లు. స్టీలు గొట్టం లోపల పన్నెండు చోట్ల చల్లదనం చూసే తీగలు, కరిగిన నీరు బయటికొచ్చే చోట ఉప్పు కొలిచే ప్రోబు, అన్నీ ఆయన చేతి మీదుగా అమరినవే. ఆయన తీగ దూర్చినప్పుడల్లా ఆమె "ఇది ఇక్కడే ఎందుకు బాబాయ్?" అని అడిగేది. తనను ఇంకొకరు ఎందుకు అని అడిగి ఎన్నేళ్ళయిందో ఆయనకు గుర్తులేదు. అందుకే ఒక్క ముక్క అడిగితే పది ముక్కలు చెప్పేవారు.

రేపు నిధులిచ్చే కమిటీ వస్తుంది. ఉప్పు మీటరు లీటరుకు అయిదు వందల మిల్లీగ్రాముల లోపు చూపిస్తే పని ఇంకో రెండేళ్ళు సాగుతుంది. లేకపోతే యంత్రానికి మూత. ఆ అమ్మాయికి వేరే ఊళ్ళో ఉద్యోగం. నెల రోజులుగా మీటరు నాలుగు వందల ఇరవై చూపిస్తోంది. అందరి మొహాలూ చేటంతయ్యాయి. నచ్చిన అంకెను ఎవరూ నిలదీయరు.

పొద్దున మీటరు సెట్టింగులు కాగితం మీదికి ఎక్కిస్తుంటే బాబాయ్ చేయి ఆగిపోయింది. నీరు చల్లగా ఉంటే అందులో ఉప్పు మీటరుకు తక్కువగా కనబడుతుంది. ఆ తేడాను సరిదిద్దే ఏర్పాటు మీటరులోనే ఉంటుంది. నెల కిందట ఈ మీటరు బిగించిన రోజు పరీక్ష కోసం దాన్ని ఆపింది ఆయనే, మళ్ళీ పెట్టడం మరిచిందీ ఆయనే. అనుభవం ముప్పై ఏళ్ళది, పొరపాటు నిన్న చేరినవాడిది.

కరిగిన నీటిని గాజు గ్లాసులో పట్టి, ఆ సవరణ లేని ఇంకో ప్రోబు ముంచి పక్కన కూర్చున్నారు. గది వేడికి నీరు వెచ్చబడుతున్నకొద్దీ అంకె పైకి పాకింది. అయిదు వందలు. ఆరు వందలు. పెరుగుట విరుగుట కొరకే అంటారు; ఇక్కడ పెరిగింది అంకె, విరిగింది ఈయన. ఏడు వందల ఎనభై దగ్గర గానీ అది నిలవలేదు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. రెండేళ్ళు, రోజూ పక్క కుర్చీలో ఒక మనిషి. ఆ ఆశకు ఆయన సిగ్గుపడలేదు కూడా; ఆకలేసినవాడికి సిగ్గేమిటి? గ్లాసును ప్రింటరు వెనక పెట్టి, ఎవరు పలకరించినా గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటూ తిరిగారు.

మూడింటికి ఆ అమ్మాయే వచ్చింది. "ఏంటి బాబాయ్, ఇవాళ మాటే లేదు. వైర్లేమైనా అలిగాయా?"

ఆయన గ్లాసు తెచ్చి ఆమె ముందు పెట్టి, ప్రోబు ముంచారు. ఆమె అంకె చూసింది. గ్లాసు ముట్టుకుంది. అది చల్లగా లేదు. ఇక విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది.

"ఎప్పట్నుంచి?"

"మొదటి రోజు నుంచీ. తప్పు నాది. కమిటీకి నేనే చెప్తాను."

"తప్పెవరిదైతేనేం, ఉప్పు ఉప్పేగా." ఆమె యంత్రం వైపు తిరిగింది. "ఇది చూపిస్తే పని ఆగిపోతుంది బాబాయ్."

"తెలుసు."

"నేను వెళ్ళిపోవాలి."

"తెలుసు తల్లీ. పొద్దున ఎనిమిదింటికే కనిపెట్టాను. ఇప్పటిదాకా నోరు రానిది దానికే."

ఆమె కుర్చీ ఆయన పక్కకు లాక్కుని, రేపటి కాగితాలు ముందేసుకుంది. "రోజువారీ అంకెలన్నీ మార్చాలి. చదవండి, రాస్తాను."

ముప్పై రోజుల అంకెలు. గబగబా చదివితే అరగంట పని. ఇద్దరూ చీకటి పడేదాకా చేశారు.